స్కోరు కార్డులో లేని గడి: కల్నల్ సి.కె. నాయుడు జీవితం



మీ అబ్బాయో అమ్మాయో సాయంత్రం ఆలస్యంగా ఇంటికి చేరి, బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర ఉండిపోయామని చెబితే నమ్మండి. ఈ మధ్య మన ఏర్పేడు క్యాంపస్‌లో గేమ్స్ పీరియడ్ అయిపోయి బెల్లు కొట్టినా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కోర్టు వదలడం లేదు. అప్పటికి ఆట ముగిసే ఉంటుంది. సాగేది వాదన. ప్రపంచంలో అందరికన్నా గొప్ప పాయింట్ గార్డు ఎవరు అన్నదే ఆ వాదన.

ఈ ఆట తెలియని వారికి ఒక్క మాట చెప్పాలి. ఐదుగురు ఆడే జట్టులో బంతిని ముందుకు తీసుకెళ్లి, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించేవాడు పాయింట్ గార్డు. అతను అందించిన బంతిని వేరొకరు బుట్టలో వేస్తే, పాయింట్లు వేసినవారి ఖాతాలోకి వెళతాయి. అందించినవాడి పేరు పక్కన అసిస్టు అని ఒక గీత పడుతుంది. ఆ గీతలను లెక్కపెట్టి ఎవరు గొప్పో తేల్చాలని పిల్లల తాపత్రయం.

లెక్క మాత్రం తేలదు. 1950లలో బాస్టన్ జట్టుకు ఆడిన బాబ్ కూజీ వరుసగా ఎనిమిది సీజన్లు అసిస్టుల్లో మొదటి స్థానంలో నిలిచాడు. జాన్ స్టాక్టన్ 15,806 అసిస్టులు చేశాడు, కానీ ఒక్కసారి కూడా ఛాంపియన్ కాలేదు. ఆరడుగుల తొమ్మిది అంగుళాల మ్యాజిక్ జాన్సన్ ఐదుసార్లు అయ్యాడు. ఇప్పటి స్టీఫెన్ కర్రీ దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బంతులతో ఆట తీరునే మార్చేశాడు. అయితే ఎన్‌బీఏలో ఆ మూడు పాయింట్ల గీత 1979లో గాని రాలేదు. కూజీ ఆడిన రోజుల్లో ఎంత దూరం నుంచి వేసినా రెండే పాయింట్లు. ఇక ఇద్దరినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తాం?

నవ్వకండి, ఇదే పని మనమూ చేస్తుంటాం. మా రోజుల్లో పదో తరగతిలో 600కు 480 వస్తే వీధంతా మిఠాయిలు పంచేవారు అని ఒక నాన్నగారు అంటారు. అదే ఇంట్లో ఇవాళ 560 తెచ్చుకున్న అమ్మాయి తలదించుకుని కూర్చుంటుంది. అప్పటి పేపరు వేరు, దిద్దిన తీరు వేరు, చదువు చెప్పించే వసతి వేరు. అంకె ఒక్కటే పక్కపక్కన కనిపిస్తుంది.

పిల్లల వాదన విన్నప్పుడల్లా నాకు ఒక తెలుగు కుటుంబం బిడ్డ గుర్తుకొస్తారు. ఆయన ఆడింది బాస్కెట్‌బాల్ కాదు, క్రికెట్. నవంబరు 14 వస్తోంది కాబట్టి ఆయన గురించి చెప్పుకోవడానికి ఇదే సమయం. బాలల దినోత్సవంగా మనం జరుపుకునే ఆ తేదీనే, 1967లో, ఇండోర్‌లో ఆయన కన్నుమూశారు. పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. దేశమంతా సి.కె. అని పిలిచింది.

ముందు ఆయన అంకెలు చూడండి. ఆడిన టెస్టులు 7. పరుగులు 350. సగటు 25. ఒక్క సెంచరీ లేదు. వికెట్లు 9. మన హైదరాబాద్ వి.వి.ఎస్. లక్ష్మణ్ 134 టెస్టులు ఆడారు, సచిన్ 200 ఆడారు. ఈ మూడు వరుసలను పక్కపక్కన రాసి మీ అబ్బాయికి చూపిస్తే, నాయుడుగారిని జట్టులోకే తీసుకోనంటాడు. మరి భారత క్రికెట్ బోర్డు జీవిత సాఫల్య పురస్కారం ఆయన పేరు మీద ఎందుకు ఉంది? అది అర్థం కావాలంటే ఆయన కాలంలోకి వెళ్లాలి.

నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో పుట్టారు. అమెరికాలో బాస్కెట్‌బాల్ అనే ఆటను కనిపెట్టి అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు. తాతగారు నాగపూర్‌లో పేరున్న న్యాయవాది. ఇంట్లో తెలుగు, ఊళ్లో మరాఠీ, హిందీ. కుర్రవాడు బడిలో ఉన్నప్పుడే క్రికెట్‌లో పేరు తెచ్చుకున్నాడు. బడి మైదానం నుంచి పెద్ద మ్యాచ్‌ల దాకా సాగిన ప్రయాణంలో మనం ఇప్పుడు చెప్పుకునే కోచింగ్ అకాడమీ వంటిది ఏదీ లేదు.

1916లో బొంబాయి క్వాడ్రాంగ్యులర్ పోటీల్లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద ఆడడం ఆయన తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్. ఆ రోజుల్లో జట్లను మతాన్ని బట్టి కట్టేవారు. అది ఈనాటి మన చెవికి వింతగా ఉంటుంది. జట్టు ఏడు వికెట్లు పోగొట్టుకున్న దశలో తొమ్మిదో నంబరులో దిగిన ఇరవై ఏళ్ల కుర్రవాడు తన మొదటి పరుగులనే సిక్సరుతో తీశాడు.

తర్వాత ఏమైందనుకుంటున్నారు? ఏమీ కాలేదు. ఎందుకంటే భారతదేశానికి అప్పటికి టెస్టు జట్టే లేదు. ఆడదామన్నా ఆడే చోటు లేదు. ఇరవై నుంచి ముప్పై ఆరు దాకా, ఒక ఆటగాడి ఒంట్లో సత్తువ నిండుగా ఉండే పదహారేళ్లు, నాయుడుగారు లెక్కలోకి రాని మ్యాచ్‌లలోనే గడిపారు. 1923లో హోల్కర్ మహారాజు ఆయనను ఇండోర్‌కు పిలిపించి తన సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు. కల్నల్ అన్న మాట ఆయన పేరుకు ముందు చేరింది అలాగే. ఉద్యోగం సైన్యంలో, పని మైదానంలో.

1926 డిసెంబరులో ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు ఇంగ్లండ్ నుంచి వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో మ్యాచ్. నాయుడుగారు రెండు గంటలలోపే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. హెల్మెట్, ఇప్పటి మందపాటి బ్యాటు వంటివి అప్పుడు లేవు. వార్త పాకగానే ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కూడా కుర్చీలు వదిలి మైదానం దారి పట్టారని చెప్పుకుంటారు. మనవాళ్లు తెల్లవాళ్లతో సమానంగా ఆడగలరని ఆ పర్యటనలో గిలిగన్‌కు నమ్మకం కుదిరింది. దేశానికంతటికీ ఒక క్రికెట్ బోర్డు పెట్టుకోమని ఆయనే ప్రోత్సహించారు. 1928లో బోర్డు ఏర్పడింది, ఆ తర్వాత టెస్టు హోదా వచ్చింది. ఆ ఘనత అంతా ఒక్క ఇన్నింగ్స్‌దే అంటే అతిశయోక్తి అవుతుంది. కానీ ఆ 153 పరుగులు టెస్టు రికార్డుల్లో ఎక్కడా కనిపించవు.

1932లో భారత జట్టు ఇంగ్లండ్‌కు బయల్దేరింది. కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు, వైస్ కెప్టెన్ లింబ్డీ సంస్థానం రాకుమారుడు. సంస్థానాధీశుడు తప్ప మామూలు మనిషి జట్టుకు నాయకుడు కావడం ఆ రోజుల్లో ఊహకందని సంగతి. తన ఆట టెస్టుకు సరిపోదని పోర్‌బందర్ రాజావారు తెలుసుకుని తప్పుకున్నారు. ఆ నిజాయితీకి ఆయనను మెచ్చుకోవాలి. లింబ్డీకి గాయమైంది. అలా జూన్ 25న లార్డ్స్‌లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు ఒక తెలుగువాడు కెప్టెన్ అయ్యారు. జట్టులో కొందరికి అది ఇష్టం లేదు. క్రమశిక్షణ విషయంలో నాయుడుగారు మహా కఠినులు. మెత్తగా మాట్లాడి మనసు గెలుచుకునే తీరు ఆయనది కాదు. ఈ లోపాన్ని దాచి రాస్తే ఆయన బొమ్మ సరిగా రాదు.

మ్యాచ్ మొదలైన అరగంటలోపే ఇంగ్లండ్ 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకుంది. చివరికి 158 పరుగుల తేడాతో మనం ఓడిపోయాం. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడుగారు మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేశారు. మన జట్టులో అదే అత్యధికం. ఆ పర్యటన మొత్తం మీద ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1,618 పరుగులు, 65 వికెట్లు తీశారు. బర్మింగ్‌హామ్ మైదానంలో ఆయన కొట్టిన ఒక సిక్సరు పక్కనున్న రే అనే చిన్న నదిని దాటిందనీ, ఆ నది రెండు కౌంటీల సరిహద్దు కాబట్టి బంతి పొరుగు కౌంటీలో పడిందనీ ఇంగ్లండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది విజ్డెన్ పత్రిక ప్రకటించిన ఐదుగురు ఉత్తమ ఆటగాళ్లలో ఆయన ఒకరు. భారత జట్టు ఆటగాడిగా ఆ గౌరవం అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

అప్పటికి ఆయన వయసు ముప్పై ఏడు. ఇప్పటి ఆటగాళ్లు రిటైరవుతున్నామని విలేకరులను పిలిచే వయసది.

ఇప్పుడు 1933 డిసెంబరు చూడండి. నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి. భారతదేశంలో జరిగిన మొదటి టెస్టు అది, మళ్లీ బొంబాయి జింఖానాలోనే. ప్రత్యర్థి కెప్టెన్ డగ్లస్ జార్డిన్. అంతకు కొన్ని నెలల ముందే ఆస్ట్రేలియాలో బ్యాట్స్‌మన్ ఒంటికి గురిపెట్టి బంతులు వేయించి రెండు దేశాల మధ్య గొడవ తెచ్చిన మనిషి. రెండో ఇన్నింగ్స్‌లో మనం 21 పరుగులకే రెండు వికెట్లు పోగొట్టుకున్నాం. క్రీజులో ఒకవైపు మొదటి టెస్టు ఆడుతున్న ఇరవై రెండేళ్ల లాలా అమర్‌నాథ్, రెండోవైపు ముప్పై ఎనిమిదేళ్ల కెప్టెన్. ఆటంతా తెలిసిన పెద్దాయన, దేశంలో అందరికన్నా గట్టిగా కొట్టగలవాడు, ఒక అంచు పట్టుకుని నిలబడిపోయారు. కుర్రవాణ్ణి ఆడనిచ్చారు. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. అమర్‌నాథ్ చేసినవి 118. భారతదేశం తరఫున టెస్టుల్లో అదే మొదటి సెంచరీ. జనం మైదానంలోకి దూసుకొచ్చారు. దేశమంతా అమర్‌నాథ్ పేరు మోగింది. నాయుడుగారి పేరు పక్కన పడింది 67.

బాస్కెట్‌బాల్ అయితే ఆ పక్కన ఇంకో గీత పడేది. క్రికెట్ స్కోరు కార్డులో అసిస్టుకు గడి లేదు.

ఇంకొకటి. ఇండోర్‌లో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరుగారి అబ్బాయి ఆడుతుండగా నాయుడుగారి కంట్లో పడ్డాడు. పదమూడేళ్ల పిల్లవాడు. కాళ్లు కదిలే తీరు చూసి ఆయన వదల్లేదు, దగ్గర పెట్టుకుని ఆట నేర్పించారు. ఆ పిల్లవాడే సయ్యద్ ముస్తాక్ అలీ. 1936లో మాంచెస్టర్‌లో 112 పరుగులు చేసి, విదేశీ గడ్డ మీద టెస్టు సెంచరీ కొట్టిన తొలి భారత ఆటగాడయ్యారు. మీ పిల్లలు ఇప్పుడు టీవీలో చూసే దేశవాళీ టీ20 ట్రోఫీ ఆయన పేరు మీదిదే. తమ్ముడు సి.ఎస్. నాయుడు కూడా అన్నగారి నీడలోనే ఎదిగి 11 టెస్టులు ఆడారు.

ఆ 1936 పర్యటనకు నాయుడుగారు కెప్టెన్ కాదు. పలుకుబడితో విజయనగరం మహరాజ్‌కుమార్ విజ్జీ ఆ పదవి తెచ్చుకున్నారు. చూడండి చిత్రం, ఆయనా తెలుగునేల వారే. మూడు టెస్టుల్లో విజ్జీగారి పరుగులు మొత్తం 33. జట్టు ముఠాలుగా చీలిపోయింది, అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. నలభై ఏళ్ల నాయుడుగారు, తనకన్నా ఎంతో తక్కువ ఆట వచ్చిన మనిషి కింద ఆడాల్సి వచ్చింది. ఓవల్‌లో చివరి టెస్టు. గబ్బీ అలెన్ వేసిన బంతి గుండె దగ్గర బలంగా తగిలింది. చూసినవాళ్లు ఇక ఆయన లేవరనుకున్నారు. లేచి 81 పరుగులు చేశారు. టెస్టుల్లో ఆయన అత్యధిక స్కోరు అదే, ఆయన ఆఖరి టెస్టు కూడా అదే.

ఇక ఆ ఏడు టెస్టుల సంగతి. 1932 నుంచి 1936 దాకా భారతదేశం ఆడినవే ఏడు. ఆయన ఒక్కటీ వదల్లేదు. ఈ రోజుల్లో ఒక కుర్రవాడికి ఏడాదిలో దొరికే అవకాశం ఆయనకు జీవితం మొత్తానికి దొరికింది, అదీ నెత్తిన ముప్పై ఆరేళ్లు వచ్చాక. ఆ సగటును సచిన్ సగటు పక్కన పెట్టడం, కూజీ పాయింట్లను కర్రీ పాయింట్ల పక్కన పెట్టడం లాంటిదే. నా మాట అడిగితే, ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు జవాబు దొరకదు. చేతికి ఏం అందింది, దాన్ని ఎవరికి అందించారు అని అడిగితే కొంత దొరుకుతుంది.

టెస్టులు ఆగిపోయాయి గాని ఆయన ఆగలేదు. హోల్కర్ జట్టు ఆయన నాయకత్వంలో నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. చిన్న సంస్థానం జట్టు బొంబాయి లాంటి మహాజట్టుకు సమఉజ్జీగా నిలబడింది. 1945-46 ఫైనల్లో బరోడా మీద ఆయన 200 పరుగులు చేశారు. అప్పుడు వయసు యాభై. దత్తూ ఫడ్కర్ బంతి నోటికి తగిలి పళ్లు ఊడితే, వాటిని పక్కకు నెట్టి ఆడారన్న కథ కూడా ఆయన యాభై దాటిన రోజులదే. ఆయన పేరుకు బజారులో ఎంత విలువ ఉండేదంటే, 1940ల మొదట్లోనే ఒక లివర్ టానిక్ కంపెనీ ఆయన బొమ్మతో ప్రకటనలు వేసుకుంది. మందుసీసా మీద క్రికెటర్ బొమ్మ మన కాలంలో పుట్టిన వింత కాదన్నమాట.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మన ఏర్పేడు అప్పుడు ఉన్న చిత్తూరు జిల్లా అందులో భాగం, రాజధాని కర్నూలు. ఆ 1953-54 సీజన్‌లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలోకి అడుగుపెట్టింది. అనుభవం లేని కొత్త జట్టు. దానికి మొదటి కెప్టెన్‌గా వచ్చింది నాయుడుగారు. నాలుగు ట్రోఫీలు గెలిచినవారు, దేశానికి తొలి కెప్టెన్, యాభై ఎనిమిదేళ్ల వయసులో, గెలుస్తామన్న ఆశ పెద్దగా లేని పిల్లజట్టును వెంటబెట్టుకుని మైదానంలోకి నడిచారు. తన సగటు గురించి ఆలోచించేవారు చేసే పని కాదది.

1956లో పద్మభూషణ్ వచ్చింది. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. అరవై ఒకటో ఏట కూడా అర్ధసెంచరీ దాటారు. 1963-64లో నాగపూర్‌లో రక్షణ నిధి కోసం జరిగిన మ్యాచ్ ఆఖరిది, అప్పుడు అరవై ఎనిమిది. తొలి మ్యాచ్‌కు, దీనికి మధ్య నలభై ఏడేళ్లు. 207 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 411 వికెట్లు. ఆయన కూతురు చంద్రా నాయుడు తర్వాతి కాలంలో మన దేశంలో క్రికెట్ వ్యాఖ్యానం చెప్పిన తొలి మహిళల్లో ఒకరయ్యారు. మైకు ముందు కూర్చునే ధైర్యం ఆ ఇంట్లో ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

గత పేరెంట్స్ మీటింగులో కొందరు ఒక మాట అడిగారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల గేమ్స్ పీరియడ్‌ను ఐఐటీ ఫౌండేషన్ క్లాసుగా మార్చవచ్చు కదా అని. ఐఐటీ మన ఏర్పేడులోనే ఉంది, రోజూ ఆ దారిన వచ్చిపోయేవారికి ఆ ఆశ కలగడం సహజం. తప్పు పట్టడం లేదు. ఒక్క విషయం మాత్రం చూసి నిర్ణయించుకోండి. ఆ కోర్టులో ఒక అబ్బాయి ఉన్నాడు, పేరు రాయను. నెలలో అతను వేసిన బుట్టలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ల నాన్నగారు స్కోరు చూసి, వీడికి ఆట రాదని తేల్చేశారు. నిజానికి ఆ జట్టులో మిగిలిన నలుగురు వేసే పాయింట్లలో సగానికి పైగా అతని చేతి నుంచి వెళ్లిన బంతులే. ఆయన ఒక్కరోజు వచ్చి అరగంట కూర్చుని చూస్తే నేను చెప్పాల్సిన పని ఉండదు. గణితం మాస్టారు కూడా ఇదే అబ్బాయి గురించి, వెనక బెంచీలో ఇద్దరికి లెక్కలు అర్థమయ్యేలా చెబుతున్నాడని ఈ మధ్య అన్నారు. ప్రోగ్రెస్ కార్డులో దానికీ గడి లేదు.

క్రికెట్ బోర్డు 1994లో సి.కె. నాయుడు పేరుతో జీవిత సాఫల్య పురస్కారం మొదలుపెట్టింది. మొదటి ఏడాది అది లాలా అమర్‌నాథ్‌కు దక్కింది. రెండో ఏడాది ముస్తాక్ అలీకి.

నవంబరు 14 సాయంత్రం నాలుగు గంటలకు మన కోర్టులో హౌస్ జట్ల మధ్య బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు ఉన్నాయి. తల్లిదండ్రులందరికీ ఆహ్వానం. కుర్చీలు వేయిస్తాం, ఎండ తగ్గే వేళే కాబట్టి ఇబ్బంది ఉండదు. ఈసారి స్కోరు షీటు చేత్తో గీయించాం, పాయింట్ల పక్కన అసిస్టులకూ గడి పెట్టాం. ఆ గీతలు వేయడానికి ఇద్దరు తల్లిదండ్రులు కావాలి. ఆట రాకపోయినా ఫరవాలేదు, ఎవరు ఎవరికి అందించారో చూస్తే చాలు. రాగలిగినవారు ముందురోజు ఆఫీసులో పేరు ఇవ్వండి.